పదకొండు లోడ్ల బలురక్కసి

పగ తీర్చుకోవాలంటే కొందరు ఎదుటివాడి చేలోకి గొడ్లను తోలుతారు, కొందరు హద్దున ఉన్న గెనిమ గట్టు జరుపుతారు. నేను పగ లేకుండానే, నన్ను సొంత బిడ్డలా సాకిన మనిషి చేలోకి, కొబ్బరికాయ కొట్టించి మరీ, పదకొండు ట్రాక్టర్ లోడ్ల దరిద్రాన్ని తోలించాను. ఇంతటి ఘనకార్యం మా వంశంలో ఇంకెవరూ చేయలేదు. నవ్వొచ్చిన చోట మొహమాటపడకుండా నవ్వండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వగలనో లేదో నాకే తెలియదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. వ్యవసాయంలో డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది. చిత్తూరులో ఒక ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. పని అంటే ఏమీ లేదు, కౌంటరు వెనక నిలబడి, మా నాయన వయసున్న రైతులను "మట్టి పరీక్ష చేయించారా?" అని గదమాయించడం. నా కాళ్ళకు అంటిన మట్టి మొత్తం గోరు సందులో పట్టేది. అయినా జేబులో పెన్ను, మెడలో దుకాణం వాళ్ళిచ్చిన కార్డు ఉండేసరికి, భూదేవికి పాఠం చెప్పగలనన్న ధీమా వచ్చేసింది.

మా నాయన బస్సుల మెకానిక్. మా బంధువర్గంలో నేల ఉన్నది ఒక్క చెంగమ్మత్తకే. ఆమె నాయనకు అక్క. పూతలపట్టు దగ్గర ముక్కాలెకరం, ఒక బావి, మూలన ఒక కానుగ చెట్టు, చేని పక్కనే రెండంకణాల ఇల్లు. మామ పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మా అమ్మ జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరిగిన రెండేళ్ళూ నాకు అన్నం కలిపి పెట్టింది, బడికి పంపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆమే.

ఆ ముక్కాలెకరంలో అత్త కనకాంబరాలు వేసేది. తెల్లవారకముందే మునెమ్మ, ఆమెతో ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి పూలు కోసేవారు. పొద్దెక్కేలోపు బుట్ట తిరుపతి బస్సెక్కేది. "తిరపతికి వచ్చే ఆడోళ్ళ జడల్లో సగం నా తోటే ఉండాది" అనేది అత్త. ఈ సగం అన్న లెక్క ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఒంటరిగా ఎందుకు, చిత్తూరు వచ్చేయమని నాయన ఆమెను ఏటా పోరేవాడు. ఒకసారి వచ్చింది కూడా. పది రోజులుంది. పదో రోజున, పక్కింటివాళ్ళు కుండీల్లో ముద్దుగా పెంచుకుంటున్న అలంకారపు గడ్డిని కలుపు అనుకుని శుభ్రంగా పీకి, కుండీలు కడిగి బోర్లించింది. జరిగిన గొడవ ఇక్కడ రాయను. ఆ సాయంత్రమే బస్సెక్కుతూ నాయనతో ఒక ఒప్పందం చేసుకుంది.

"తోట పూసినన్నాళ్ళు నేనాడే ఉంటా రా. పూయనినాడు నువ్వు పిలిసే పన్లే. నేనే మూట గట్టుకోని వస్తా."

ఆ మూట సంగతి గుర్తుంచుకోండి. నేను చేసిన పని ఆ మూట మీదికే వచ్చింది.

ఆ ఎండాకాలం పాత తోట ముసలిదైపోయిందని అత్త మొక్కలు తీసేసి దున్నించింది. కొత్త నారు పెట్టేలోపు చేనికి చెరువు మట్టి తోలిద్దామని నేను ప్రకటించాను. మా వైపు అది తాతల నాటి పద్ధతే. ఎండిన చెరువులో ఒండ్రు తవ్వి చేలో పరిస్తే నేలకు సత్తువ. తాతల పద్ధతిని నేను డిప్లొమాలో కనిపెట్టినట్టు చెప్పాను. అత్త మురిసిపోయింది. "నీ సదువు నా సేనికి పనికొస్తే నాకింకేం గావాల" అంది.

ట్రాక్టర్ ఖాదర్ భాయ్‌ది. చెరువు మట్టి తోలడంలో ఆయన తల నెరిసింది. చెరువులో దిగి, అలవాటుగా తూము వైపు, బోడిగా ఉన్న చోటికి బండిని తిప్పాడు. నేను ఆపించాను. రెండో పక్కన నడుమెత్తు ముళ్ళ కంప ఎండి నిలబడి ఉంది, ఎకరం మేర. బలురక్కసి. కొందరు బ్రహ్మదండి అని కూడా అంటారు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఎవరూ పిలవకుండానే మన గుట్టలకు, చెరువులకు వచ్చి కాపురం పెట్టిన మొక్క. ఆకు నిండా ముళ్ళు, కాయ నిండా ముళ్ళు, మధ్యలో మాత్రం పట్టుచీర రంగు పసుపు పువ్వు.

దాన్ని చూడగానే నా బుర్రలో ఒక సిద్ధాంతం మెరిసింది. మెరిసినవన్నీ దీపాలు కావని అప్పటికి నాకు తెలియదు.

"ఇక్కడే తవ్వుదాం భాయ్. ఏ మట్టిలో మొక్క ఇంత ఏపుగా పెరిగిందో, ఆ మట్టిలోనే పోషకాలు అధికంగా ఉంటాయి" అన్నాను, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు.

"ఈడ వొద్దప్పా. ఇది బలురక్కసి రాలిన సోటు."

"ఎండిపోయింది కదా."

"సెట్టు ఎండింది. గింజ ఎండితే సావదు, కాసుకోనుంటాది."

నేను చిరునవ్వు నవ్వాను. కౌంటరు వెనక రైతుల మీద నవ్వే నవ్వు. కంపనంతా కొట్టించి కుప్పేసి తగలబెడతానని, అప్పుడు గింజల బెడదే ఉండదని భరోసా ఇచ్చాను. ఖాదర్ భాయ్ ఆకాశం వైపు చూసి, ట్రాక్టరు తనదైనా బుద్ధి నాది కాబట్టి నా ఇష్టమన్నాడు.

తగలబెట్టించాను. భలే మండింది. నాకు తెలియని చిన్న విషయం ఏమిటంటే, బలురక్కసి కాయ పండగానే పైభాగం చీలుతుంది. గాలికి మొక్క ఊగినప్పుడల్లా ఆవగింజల్లాంటి నల్లటి గింజలు కింద చల్లుకుంటుంది. ఎండాకాలం నాటికి ఆ పని పూర్తి చేసుకుని, ఖాళీ కాయలతో తీరిగ్గా నిలబడుతుంది. నేను తగలబెట్టింది ఖాళీ గోతాలను. సరుకంతా మట్టిలో ఉంది, ఆ మట్టిని లోడ్ల లెక్కన ఎత్తించింది నేను.

మొదటి లోడుకు అత్త పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టింది. తొమ్మిది లోడ్లు చేలో పరిచాం. రెండు లోడ్లు మిగిలితే, మంచి మట్టి వృథా ఎందుకని కానుగ చెట్టు కింద ఉన్న పాత ఎరువు గుంతలో పోసి, పైన ఎర్రమన్ను కప్పి పూడ్చేశాం. కొసరు కూడా దండిగా వచ్చిందని సంతోషపడ్డాం.

నిజం చెప్పాలి, ఆ వానాకాలం కనకాంబరం విరగబడి పెరిగింది. నేను దుకాణంలో కనిపించిన ప్రతి రైతుకూ నా సిద్ధాంతం వినిపించాను. ఎంతమంది పాటించారో తెలియదు. తెలిసిన వాళ్ళెవరైనా ఉంటే దయచేసి నాకు చెప్పకండి.

కార్తీక మాసంలో, చలి మొదలై నేల ఇంకా పదునుగా ఉండగా, అత్త ఫోన్ చేసింది. తోటలో నేలకు పరుచుకుని ఏవో మొలకలు లేచాయని, ఆకు మీద తెల్లటి గీతలు ముగ్గు వేసినట్టు అందంగా ఉన్నాయని చెప్పింది. ఏదో ఔషధ మొక్క అయ్యుంటుందని నేను ఫోన్లోనే తేల్చేశాను.

"మందో మాకో, ముల్లుండాది రా. వచ్చి సాయం పట్టు. పూత పడకముందే రా" అంది.

"ఆదివారం వస్తానత్తా."

ఆ ఆదివారం రావడానికి ఎనిమిది ఆదివారాలు పట్టింది. ఒక వారం స్నేహితుడి పెళ్ళి, ఒక వారం క్రికెట్, మిగతా ఆరు వారాలు ఏం చేశానో నిజంగా గుర్తులేదు. గుర్తులేని పనుల కోసమే మనం ఎక్కువసార్లు ఆగిపోతాం.

నేను వెళ్ళేసరికి తోట పసుపుపచ్చగా ఉంది. కనకాంబరం తోట నారింజరంగులో ఉండాలని నాకు కూడా తెలుసు. పూలు కోసే ఆడవాళ్ళు చీకట్లో చేత్తో తడుముకుంటూ కోస్తారు. తడిమిన చోటల్లా ముల్లు. మునెమ్మ తన రెండు చేతులూ నా ముందు చాపింది. వేళ్ళు వాచి ఉన్నాయి.

"పూలు కోసేదానికి వచ్చినామా, ముళ్ళు పొడిపించుకునేదానికి వచ్చినామా అప్పా? రేప్పొద్దన్నుంచి మేం రాము" అని చెప్పేసి వెళ్ళిపోయింది.

కోసేవాళ్ళు లేకపోతే పువ్వు చెట్టు మీదే వాడుతుంది. వాడితే తోట పూసినా పూయనట్టే. అత్త మూట నా కళ్ళ ముందు కనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మామూలు మనుషుల పని. డిప్లొమా ఉన్నవాడు మిషన్ పట్టుకుంటాడు. పాకాల నుంచి గడ్డి కోసే మిషన్ అద్దెకు తెచ్చాను. కళ్ళజోడు, హెల్మెట్, భుజానికి పట్టీ. రథమెక్కినట్టు సాళ్ళ మధ్య దిగాను.

అప్పటికి కింది కొమ్మల కాయలు పండి నల్లబడ్డాయి. మిషన్ తిరిగే చక్రం తగలగానే పోపులో ఆవాల్లా చిటపటలాడి ఎగిరిపడ్డాయి. ఆ చప్పుడు నాకు విజయంలాగే వినిపించింది. అవతలి గట్టు మీద అత్త రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొస్తోంది. నన్ను మెచ్చుకుంటోందనుకున్నాను. నేనూ ఒక చెయ్యి ఊపి, ఇంకాస్త వేగం పెంచాను. నాలుగు సాళ్ళు అయిపోయాక గానీ ఆమె నన్ను అందుకోలేకపోయింది.

మిషన్ ఆపాను. అత్త ఆయాసపడుతూ గట్టు మీద కూలబడింది. కింద పడిన కాయనొకదాన్ని తీసి అరచేతిలో దులిపింది. నల్లటి గింజలు చారెడు.

"సూడు నాయనా. పొద్దన ఇవి కాయల్లో ఉండె. ఇప్పుడు సేనంతా ఉండాయి. ఒక ఏడు రాలితే ఏడేండ్లు మొలుస్తాది ఇది."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ మాటనేసి, నాకు దాహంగా ఉందేమోనని మజ్జిగ తేవడానికి ఇంట్లోకి వెళ్ళింది.

కలుపు మందు కొడితే దాంతోపాటు కనకాంబరమూ చస్తుంది. మిగిలింది చెయ్యి ఒకటే. ఆ మర్నాటి నుంచి అత్త ఆ పని పెట్టుకుంది. మునెమ్మ ఇంటికి వెళ్ళి, ఏ సాలు శుభ్రమైతే ఆ సాలే కోయమని బతిమాలి వాళ్ళను వెనక్కి తెచ్చుకుంది. తడి ఆరని నేలలో మొక్క ఆకుల కింద, ముళ్ళు లేని మెడ దగ్గర వేలు దూర్చి, వేరుతో సహా లాగేది. పీకినదాన్ని గట్టు మీద పారేసేది కాదు, బుట్టలో వేసుకుని పోయి కాల్చేది. తుంచిన చోట ఆ మొక్క పసుపు పాలు కారుస్తుంది. చలికాలం పొడుగునా అత్త చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉండేవి. ఒకసారి నేను ఆ చేతులనే చూస్తుంటే నవ్వింది.

"మీ మామ పోయినాంక నా సేతులకు ఇంత పసుపు యాడిది రా. నువ్వు జేసిన పున్నెమే" అంది.

నేనూ నవ్వాను. బస్సెక్కి కూర్చున్నాక ఏడ్చాను.

ఆ తర్వాత ప్రతి కార్తీకంలోనూ అదే ఫోన్. "గిరీ, మొలిసినాయి రా. పూత పడకముందే రా." ప్రతి ఏడూ నాది అదే జవాబు, ఆదివారం. ప్రతి ఏడూ నేను వెళ్ళేది శివరాత్రికి, అత్త పనంతా ముగించాక. పని ఎక్కువై కాదు. ఆ చేను చూడాలంటే నాకు సిగ్గు. ఆమె ఒక్క మాటా అనదని తెలిసి మరీ సిగ్గు. ఆ సిగ్గును పూడ్చడానికి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకెళ్ళేవాణ్ణి. ఒక ఏడు ఎర్రటి రబ్బరు గ్లౌజులు ఇచ్చాను. అవి తొడుక్కుంటే ముల్లు తెలియదని, ముల్లు తెలియకపోతే మొక్క ఎక్కడుందో తెలియదని చెప్పి, అత్త వాటిని దిష్టిబొమ్మకు తొడిగింది. అప్పట్నుంచి నేను బస్సు దిగగానే నాకు ముందుగా చెయ్యెత్తి దండం పెట్టేది ఆ దిష్టిబొమ్మే.

దుకాణంలో మాత్రం నేను కలుపు మీద పెద్ద పండితుణ్ణైపోయాను. ముళ్ళ కలుపుకు ఏం చేయాలని ఎవరడిగినా, "పూత పడకముందే పీకండి, వేరుతో లాగండి, గట్టు మీద వేయకండి" అని చెప్పేవాణ్ణి. మాటలు అత్తవి, కార్డు నాది. ఒకాయన చేతులు జోడించి, అనుభవమున్నోడివి నాయనా అన్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

నాయన ఏటా వెళ్ళి, ఇంక చాలక్కా, పోదాం పద అనేవాడు. తోట సగమే పూస్తున్నా, పూస్తోంది కదా అని అత్త అనేది. ఏడాదికి ఏడాదికి మొక్కలు తగ్గుతూ వచ్చాయి. ఆమె నడుమూ వంగుతూ వచ్చింది. తోటలో ఎవరు ముందు లొంగుతారన్నట్టు ఉండేది ఆ పోటీ.

ఏడో కార్తీకం. ఫోన్ వచ్చింది. నేను ఎప్పటిలా ఆదివారం అనబోయాను.

"గిరీ, ఈ ఏడు మొలవలే రా. సాలు సాలూ ఎతికినా. ఒక్కటంటే ఒక్కటి గూడ లే." గొంతులో చిన్నపిల్ల సంబరం. ఆ వెంటే, "పనేం లే. ఊరికినే రా" అంది.

నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. నవ్వుతూ చెప్పాను, ఆదివారం వస్తానత్తా అని. ఈసారి నిజంగానే వెళ్ళాలనుకున్నాను. టికెట్టు కొన్నట్టే అనుకోండి.

ఆదివారం దాకా అత్త ఆగలేదు. శుక్రవారం పొద్దున, పూలబుట్ట బస్సుకెక్కించి వచ్చి, అరుగు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. మునెమ్మ ఫోన్ చేసింది. మేం వెళ్ళేసరికి ఆమె చేతులు ఛాతీ మీద పెట్టి ఉన్నాయి. ఏడేళ్ళలో మొదటిసారి ఆ చేతుల మీద పసుపు మరక లేదు. నేను వాటిని పట్టుకుని, అత్తా వచ్చినాను అన్నాను. ఆమె జీవితంలో నేను చెప్పిన వేళకంటే ముందు రావడం అదొక్కసారే.

తోట పూస్తూనే ఉంది. మూట కట్టే పని లేకుండానే ఆమె వెళ్ళిపోయింది. నాయన ఆ మాటే పదేపదే చెప్పుకుని ఏడ్చాడు.

తనను కానుగ చెట్టు కిందనే పెట్టాలని ఎప్పుడో చెప్పిందట. అక్కడే తవ్వారు. పైన ఎర్రమన్ను, రెండడుగులు దిగాక నల్లటి ఒండ్రు బయటపడింది. గట్టు మీద నిలబడ్డ ఖాదర్ భాయ్ ఆ నల్ల మట్టిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. టోపీ సర్దుకున్నాడు. నాకు అర్థం కాలేదు. ఏడేళ్ళయినా నా చదువు నాకు అడ్డమే.

నెల మాసికానికి వెళ్ళినప్పుడు అర్థమైంది. చేనంతా ఎక్కడా లేదు. అత్త మీద పోసిన మట్టి మీద మాత్రం తెల్లటి గీతల ఆకులు పరుచుకుని, పదహారు మొలకలు. మేం కొసరుగా గుంతలో పూడ్చిన రెండు లోడ్లు. లోతులో ఉన్నన్నాళ్ళూ గింజ నిద్రపోయింది. గుంట తవ్వేటప్పుడు పైకొచ్చి, ఎండ తగిలి, చలి తగిలి లేచింది. చేనంతా ఏరిన మనిషి ఏరలేకపోయింది ఆ ఒక్క చోటే, ఆ చోటే ఆమెను పెట్టాం.

మునెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఉండనీప్పా. రేపు పసుప్పచ్చగా పూస్తాయి. బతుకంతా ఊరోళ్ళ జడలకే పంపిచ్చె, ఇవన్నా ఆయమ్మకు ఉండనీ" అంది. నాయన కూడా, పువ్వే కదరా, ఉండనీ అన్నాడు. నాకూ ఒక్క క్షణం అదే బాగుందనిపించింది. పసుపు యాడిది రా అని నవ్విన ఆమె మీద పసుపు పూలు.

కానీ ఆ పూలు కాయలై, కాయలు చీలి, గింజ మళ్ళీ కనకాంబరాల్లోకి రాలుతుంది. అత్త లేచి కూర్చోగలిగితే ముందు చేసే పని వాటిని పీకడమే. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటి మొక్కను పైన పట్టుకుంటే అరచేతిలో ముళ్ళు దిగి, కాడ తెగి చేతిలోకొచ్చింది. రెండోదీ అంతే. మూడోదానికి ఆకుల కింద, మెడ దగ్గర వేలు దూర్చి మెల్లగా లాగాను. వేరు పొడుగ్గా, తెల్లగా, ఆమెను వదలడం ఇష్టం లేనట్టు వచ్చింది. పదహారూ అయ్యేసరికి నా చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. నాయన ఆ చేతులను చూసి మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ తోటను మునెమ్మ చూసుకుంటోంది. పూలబుట్ట అదే బస్సెక్కుతోంది. దిష్టిబొమ్మ అవే ఎర్ర గ్లౌజులతో నాకు దండం పెడుతోంది.

కాబట్టి, ఇంతదాకా ఓపిగ్గా చదివిన మీ అందరి ఎదుట, కానుగ చెట్టు సాక్షిగా, కుడిచేతి బొటనవేలిలో ఇంకా దిగి ఉన్న ముల్లు సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ముళ్ళను చూసి నేల బలాన్ని అంచనా కట్టను. కాయ పండిన కలుపు మీదికి యుద్ధానికి పోను. గట్టు మీద నిలబడి ఎవరైనా చేతులు ఊపుతుంటే మెచ్చుకుంటున్నారనుకోను. ఇక, ఊరికినే రమ్మని ఎవరు పిలిచినా, ఈ జన్మలో ఆదివారం అనే మాట నా నోట రాదు.

మొన్న, కార్తీకం పుట్టిన రెండో రోజు, బుధవారం, దుకాణానికి సెలవు పెట్టి వెళ్ళాను. ఫోన్ చేసి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. కానుగ కింద మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పెట్టబోయే ముందు అత్తకు చెప్పాను.

"నాలుగే మొలిసినాయి అత్తా. పూత పడకముందే వచ్చినా."